ఛాయాపటము – చిట్టాపుస్తకము

మా యింటి పాతపెట్టె నొకదానిని ఆమధ్య తెరచి చూచితిమి. భూమి పట్టాలు, పెండ్లి శుభలేఖలు, ఒకనాటి రేడియో లైసెన్సు పుస్తకము – వీని యడుగున గోధుమరంగు కాగితపు సంచి యొకటి కనబడినది. అందులో ఒక ఎక్స్‌రే పటము. కిటికీ వద్ద వెలుతురున కెత్తి చూచినచో ప్రక్కటెముకలు వరుసదీరి, నడుమ గుండెనీడ స్పష్టముగానే యున్నది. కాని అది ఎవరి రొమ్ము? తాతగారిదా, వారి తమ్మునిదా? ఏ సంవత్సరమున తీసినది? వైద్యుడేమి చెప్పెను? సంచిమీది సిరా వెలిసిపోయినది. పటము మూలను సీసపు అచ్చుతో పడిన నాలుగంకెలు మాత్రము నిలిచియున్నవి. ఆ అంకెల కెదురుగా పేరు, ఊరు వ్రాసిన పుస్తకము ఎన్నడో చెదల పాలైయుండును. పటము చెడలేదు; దాని అర్థము చెడినది.

ఆసుపత్రులలో ఎక్స్‌రే గదులు వెలసి నూరేండ్లు దాటినది. ఆ యంత్రముల కథ పలువురు చెప్పియున్నారు. యంత్రము ప్రక్కన బల్లమీద నుండెడి చిట్టాపుస్తకము కథను ఈనాడు మనవి చేయదలచితిమి. ఆ పుస్తకమే నేడు కంప్యూటరులో చేరి ‘సమాచార వ్యవస్థ’ యను పెద్దపేరు ధరించినది. పేరు మారినను పని యొక్కటే: ఎవరికి తీసితిమి, ఎప్పుడు తీసితిమి, ఏ భాగమునకు తీసితిమి, ఏమి కనబడినది, తరువాత ఏమైనది అను ఐదు ప్రశ్నలకు జవాబు దాచియుంచుట. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల జనమునకు ఈ ఐదు ప్రశ్నలు ఎంత అవసరములో 2020 డిసెంబరు మాసము బాగుగా తెలియజేసినది. ఆ సంగతికి క్రమముగా వత్తుము.

గోదావరి పశ్చిమ డెల్టావారికి కాటన్ దొరను గూర్చి చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ఒకటొకటిగా సాగి ఈ సీమను అన్నపూర్ణగా మార్చినవి. ఆ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరములు నడపి, భారతదేశమునకు నీటిపారుదలయే ప్రాణమని వాదించిన వారిలో ఫ్లారెన్సు నైటింగేలు ఒకరు. దీపము చేతబట్టిన దాదిగా ఆమెను లోకమంతయు నెరుగును. లెక్కల పుస్తకము చేతబట్టిన విదుషిగా నెరిగినవారు తక్కువ. 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఆమె ఒక ప్రతిపాదన పంపెను. ఆసుపత్రులన్నియు ఒకే తీరు పత్రములలో రోగుల వివరములు వ్రాయవలెననియు, అప్పుడుగాని ఏ ఆసుపత్రి మేలు చేయుచున్నదో, ఏది చేయలేకున్నదో తేలదనియు దాని సారాంశము. కాలువకు నీటికొలత ఎట్టిదో ఆసుపత్రికి రోగుల లెక్క యట్టిది. తూముల వద్ద కొలతబద్ద చూడక నీరు వదలిన లస్కరును రైతులు క్షమింతురా?

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్‌జెన్ పండితుడు ఈ వింతకిరణములను కనుగొనెను. పేరు తెలియని రాశిని గణితములో ‘ఎక్స్’ అందురు గనుక వీనికి ఎక్స్‌రేలని పేరు పెట్టెను. దానిపై హక్కుపత్రము తీసికొనక లోకమునకు విడిచిపెట్టిన ఉదారుడతడు. 1901లో భౌతికశాస్త్రమునకు తొలి నోబెల్ బహుమానము ఆయనకే దక్కినది. కొలది నెలలలో ప్రపంచమంతట ఈ యంత్రములు వెలసినవి. విరిగిన ఎముక, ఒంటిలో దిగిన తూటా, పిల్లవాడు మ్రింగిన నాణెము – అన్నియు బయటికి కనబడసాగినవి.

కాని వెంటనే మరొక సంగతియు బయటపడినది. చేతులు కాలిపోవుట, పుండ్లు మానకుండుట, తుదకు ప్రాణములే పోవుట. ఈ కిరణములతో పనిచేసి మరణించిన వారి స్మారకముగా 1936లో హాంబర్గు నగరమున ఒక శిల నిలిపిరి. ఇట్టి గాయములను ఒకచోట పోగుచేసి లెక్క కట్టవలెనను ఆలోచన బోస్టను నగరపు వైద్యుడు కాడ్మన్‌కు కలిగినది. అతడు యువకుడుగా నున్నప్పుడు ఎక్స్‌రే పని చేసినవాడే. 1902లో అప్పటివరకు నమోదైన గాయముల నన్నిటిని సంవత్సరవారీగా వ్రాసి చూపెను. వానిలో అధికభాగము తొలి ఏటివే; పని తెలిసినకొలది గాయములు తగ్గుచు వచ్చినవి. ఎక్స్‌రే విభాగమునకు లెక్కల వలన కలిగిన తొలిమేళ్లలో నిది యొకటి. భయమును, నిర్లక్ష్యమును రెంటిని తొలగించి, జాగ్రత్త యనునది నేర్వదగినదే యని ఆ లెక్క చెప్పినది.

ఈ కాడ్మనే తరువాత శస్త్రవైద్యుడై, ప్రతి రోగికిని ఒక అట్టచీటీ యుంచి, సంవత్సరము గడచిన పిమ్మట అతనిని మరల పిలిచి, ‘మనము చేసిన వైద్యము ఫలించినదా?’ అని వ్రాసికొనవలెనని పట్టుబట్టెను. పెద్ద ఆసుపత్రులవారు ఒప్పుకొనలేదు. అతడు సొంతముగా చిన్న ఆసుపత్రి పెట్టి, 1911 మొదలు 1916 వరకు అచ్చట చూచిన 337 మంది రోగుల లెక్కను, అందులో 123 పొరపాట్లను దాచక ప్రకటించెను. తన తప్పును తానే అచ్చువేయించిన వైద్యుని నాటివారు వెక్కిరించిరి. నేటివారు గురువుగా తలచుచున్నారు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడునప్పటికి ఈ సీమ మద్రాసు రాజధానిలోనిదే. మద్రాసు జనరల్ ఆసుపత్రి ఆవరణలో 1934లో బార్నార్డు రేడియాలజీ సంస్థ తెరువబడినది. దక్షిణదేశమున ఈ శాస్త్రమునకు అది పెద్దబడి. ఆ తరము ఎక్స్‌రే గది తీరు మన పెద్దలలో కొందరికి జ్ఞప్తియుండవచ్చును. రోగిని పలకకు ఆనించి నిలిపి, ‘ఊపిరి బిగబట్టుము’ అని ఒక్క క్షణము మీట నొక్కెడివారు. పలక అంచున సీసపు అంకెలు, కుడి ఎడమల గుర్తులు అమర్చెడివారు. సీసము కిరణమును ఆపును గనుక అవి పటముపై తెల్లగా పడును. పిమ్మట చీకటిగదిలో ఎర్రదీపము క్రింద ఫిల్మును డెవలపరులో ముంచి, హైపోలో నిలిపి, నీట కడిగి, క్లిప్పులతో ఆరవేసెడివారు. తడి ఆరిన తరువాత వైద్యుడు చూచును. ఈలోపల గుమాస్తా చిట్టాలో ఆ సీసపు అంకె వ్రాసి, ఎదుట పేరు, వయస్సు, ఊరు, పంపిన వైద్యుని పేరు వ్రాయును.

ఈ గొలుసులో ఒక్క కొక్కెము జారినను చాలును. సీసపు అంకె మార్చుట మరచినచో ఒకరి పటము మరొకరి పేర పడును. కుడిగుర్తు ఎడమన పెట్టినచో మంచి ఊపిరితిత్తికి వైద్యము జరుగును. కొల్లేటి లంకలలో పెద్దింట్లమ్మ తల్లి పేరు పెట్టుకొన్నవారు అనేకులు. ఇంటిపేరును ఒక్కటియే, ఊరును ఒక్కటియే, వయస్సు ఉజ్జాయింపు. అట్టిచోట పేరును నమ్ముకొని పటము వెదకుట ప్రమాదము. అంకె యొక్కటియే అభయము. అందుచేత ఎక్స్‌రే గదిలో మొదటి శాస్త్రజ్ఞుడు చిట్టా వ్రాయు గుమాస్తాయే యనుట అతిశయోక్తి కాదు.

చిట్టా ఒక గదిని దాటి దేశమునకే ఉపకరించిన ఘట్టము మన ఆంధ్రదేశమునందే జరిగినది. మదనపల్లె దాపున ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915లో ప్రారంభమైనది. డెన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి తొలి పెద్ద. తరువాత జోహన్నెస్ ఫ్రిమాట్ మోలర్ 1950 మొదలు 1955 వరకు మదనపల్లె పట్టణమును, చుట్టుప్రక్కల గ్రామములను ఇల్లిల్లును తిరిగి జనులందరిని పరీక్షించు అధ్యయనము నడపెను. జబ్బుపడి వచ్చినవారిని మాత్రమే గాక, ఆరోగ్యముగా తిరుగువారిని గూడ ఎక్స్‌రే తీయుట దీని విశేషము. దాని ఫలితములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. ఇంటింటి జాబితా లేక ఎన్ని యంత్రములున్నను ఆ పని సాగదు. ఎవరు వచ్చిరో తెలిసిన చాలదు, ఎవరు రాలేదో గూడ తెలియవలెను. ఆ రెండవ సంగతి జాబితా యున్నప్పుడే తెలియును.

1955 మొదలు 1958 వరకు దేశవ్యాప్తముగా క్షయరోగపు నమూనా సర్వే జరిగినది. బండ్లమీద ఎక్స్‌రే యంత్రములు పల్లెలకు పోయినవి. చిన్న ఫిల్ములపై వేలకొలది రొమ్ముపటములు తీసిరి. అప్పటివరకు క్షయ పట్టణపు జబ్బని, పల్లెగాలి దానికి మందని చాలమంది నమ్మిక. సర్వే ఆ నమ్మికను పటాపంచలు చేసినది. పల్లెలలోను పట్టణములలోను వ్యాధి ఇంచుమించు ఒకే తీరుగ నున్నదని తేలినది. దేశములో అధికసంఖ్యాకులు పల్లెవాసులు గనుక రోగులలోను అధికులు పల్లెవారే. ఈ ఒక్క లెక్క దేశపు క్షయ నివారణ కార్యక్రమమును పట్టణముల నుండి పల్లెలవైపు త్రిప్పినది.

ఇదే కాలమున ఎక్స్‌రే వైద్యులకే గర్వభంగము కలిగించిన లెక్క మరొకటి పుట్టినది. 1947లో అమెరికాలో కొందరు పండితులు 1,256 మంది రొమ్ముపటములను ఐదుగురు నిపుణుల కిచ్చి చదువుమనిరి. కొంతకాలము గడచిన పిమ్మట అవే పటములను వారికే మరల నిచ్చిరి. నిపుణునికి నిపుణునికి భేదము వచ్చుట వింత గాదు. ఒకే నిపుణుడు అదే పటమును రెండవమారు చూచి తన మాట తానే కాదనుట అనేక పర్యాయములు జరిగినది. ఇది అజ్ఞానము గాదు. నీడను చదువుటలోనే యున్న కష్టము. నాటినుండి ముఖ్యమైన పటములను ఇద్దరు విడివిడిగా చదువుట, భేదించినచో మూడవవారు తీర్చుట పరిశోధనలలో ఆచారమైనది. ఆ లెక్క కట్టకపోయినచో ఎవరి కన్నులు వారికి ముద్దుగానే యుండెడివి.

1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. దాని నమూనాను బెంగుళూరు జాతీయ క్షయ సంస్థవారు మన అనంతపురము జిల్లాలో పరీక్షించి చూచియున్నారు. జిల్లాకొక కేంద్రము, అందొక ఎక్స్‌రే యంత్రము, పల్లె ఆసుపత్రులలో కఫమును పరీక్షించుటకు సూక్ష్మదర్శిని, ప్రతి రోగికిని ఒక చికిత్సా కార్డు – ఇవి దాని అంగములు. మద్రాసులో 1956లో స్థాపించిన కేంద్రమువారు ఇంటిపట్టున మందుతినినను శానిటోరియములో నున్నంత గుణము కలుగునని 1959లో నిరూపించియుండిరి. రోగి ఇంటనుండగా ఆసుపత్రికి అతనితో నుండు సంబంధమెల్ల ఆ కార్డే. మందు తీసికొనుటకు రాని రోగికి ఉత్తరము వ్రాయుటకైనను కార్డు మీది చిరునామాయే ఆధారము. చిరునామాలో లంక పేరు తప్పు పడినచో ఆ యుత్తరము కొల్లేటిలో కలిసినట్లే.

తరువాతి మలుపు లండనులో జరిగినది. 1971 అక్టోబరు 1న హౌన్స్‌ఫీల్డు రూపొందించిన యంత్రముతో ఒక రోగి తలను పరీక్షించిరి. అదే సీటీ స్కాను. ఇందులో కిరణము ఫిల్ముపై పడదు. తలచుట్టు తిరుగుచు 180 దిక్కుల నుండి, ఒక్కొక్క దిక్కున 160 చోట్ల, ఎంత కిరణము దాటివచ్చినదో కొలచును. మొత్తము 28,800 కొలతలు. కంప్యూటరు వానిని గుణించి భాగించి, అడ్డముగ 80, నిలువుగ 80 గడులు గల చదరముగా మార్చును. గడికొక అంకె, అంకెకొక నలుపు తెలుపుల ఛాయ. ఈ కల్పనకు 1979లో కార్మాక్‌తో పాటు అతనికి నోబెల్ బహుమానము లభించినది. చదువరులు గమనింపవలసిన దేమన, ఇంతకాలము పటము ఒకచోట, అంకెలు మరొకచోట నుండెడివి; ఇప్పుడు అంకెలే పటమైనవి. చిట్టాపుస్తకము పటములోనికే ప్రవేశించినది.

అయినను చిక్కు తీరలేదు. ఒక్కొక్క కంపెనీ యంత్రము ఒక్కొక్క భాష మాటలాడెను. ఒకరి పటము మరొకరి తెరపై తెరువబడదు. మన దేశమున వీశె, మణుగు, శేరు ఊరికొక తీరుగ నుండగా 1956 నాటి చట్టముతో కిలోగ్రాము అందరికి సమానమైనట్లు, ఈ రంగమునకును ఒక ఉమ్మడి కొలమానము కావలసివచ్చినది. అమెరికా రేడియాలజీ వైద్యులును, యంత్రముల తయారీదారులును 1983లో ఒక సంఘముగా గూడి, 1985లో తొలి ప్రమాణమును, 1993లో ‘డైకామ్’ అను పేర సంస్కరించిన ప్రమాణమును ప్రకటించిరి. దీనివలన ప్రతి పటమునకును నొసట వ్రాత యేర్పడినది. రోగి పేరు, సంఖ్య, తేదీ, గంట, శరీరభాగము, యంత్రము, వాడిన కిరణబలము – ఇవన్నియు పటముతోనే నడచును. మా పెట్టెలోని పటమునకు లేనిది ఇదియే.

ఇట్టి వ్యవస్థ విభాగమును ఏరీతిగ బాగుచేయును? ఒక ఉదాహరణ కల్పించి చెప్పుదుము. ఒక రోగి ఉదయము 9 గంటలకు చీటీ పుచ్చుకొనెను. 9 గంటల 40 నిమిషములకు పటము తీయుట ముగిసినది. నిపుణుడు మధ్యాహ్నము 1 గంటకు దానిని చదివెను. నివేదిక 4 గంటలకు టైపయినది. వార్డులోని వైద్యుని చేతికి మరునాటి ఉదయమే చేరినది. ఎక్స్‌రే ఆలస్యమగుచున్నదని ఫిర్యాదు వచ్చినచో సాధారణముగా అందరును అనుమాట ‘ఇంకొక యంత్రము కావలెను’. కాని పై గంటలు వ్రాసియుంచినచో యంత్రము వలన పోయినది కొన్ని నిమిషములేయనియు, తక్కిన కాలమంతయు కాగితము నడకలోనే పోయినదనియు తెలియును. అప్పుడు కావలసినది యంత్రము గాదు; ఒక టైపిస్టు కావచ్చును, లేదా వార్డులో ఒక తెర కావచ్చును. లక్షల రూపాయల ఖర్చును ఒక గడియారము తప్పించిన దన్నమాట.

రెండవది, చెడిన పటముల లెక్క. రోగి కదలుట, ఊపిరి బిగబట్టకుండుట, పలక సరిగా అమరకుండుట, కిరణము ఎక్కువతక్కువలగుట – వీనివలన పటము మరల తీయవలసివచ్చును. మరల తీయుటయన రోగికి మరల కిరణము తాకుటయే. కారణములను వారమునకొకమారు విడదీసి వ్రాసినచో ఏ దోషము ఎక్కువో, ఎవరికి ఏమి నేర్పవలెనో తెలియును. ఫిల్ము రోజులలో కిరణము మితిమీరినచో పటము నల్లబడి తప్పు పట్టియిచ్చెడిది. నేటి డిజిటల్ యంత్రము మితిమీరిన కిరణమునుగూడ దిద్ది చక్కని పటమే చూపును. కన్నులకు తప్పు కానరాదు; అంకె చూచినవారికే కనబడును. అందుకే ఒక్కొక్క పరీక్షకు ఇంత మోతాదు చాలునను సూచికలను పాటింపవలెనని అంతర్జాతీయ కిరణరక్షణ సంఘము 1996లో సలహా యిచ్చెను. మన దేశమున 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఎక్స్‌రే యంత్రములకు అనుమతులిచ్చు పనిని నేడు కంప్యూటరు ద్వారానే నడపుచున్నది.

మన రాష్ట్రమున సామాన్యుని పటము తొలిసారిగా పెద్దయెత్తున తంత్రులకెక్కినది ఆరోగ్యశ్రీ పథకముతో ననవచ్చును. 2007 ఏప్రిల్ 1న అది మూడు జిల్లాలలో మొదలై, తరువాత పశ్చిమ గోదావరికిని, తక్కిన జిల్లాలకును వ్యాపించినది. పెద్ద చికిత్సకు ముందుగా అనుమతి కావలెను. అందుకై రోగి పరీక్షల ఫలితములను, పటములను ఆసుపత్రివారు కంప్యూటరులో పంపగా దూరమున నున్న వైద్యులు చూచి అనుమతింతురు. పటము మనిషికంటె ముందు ప్రయాణము చేయుట మన జిల్లావారు అప్పుడే చూచిరి. కొల్లేటి ఒడ్డున కైకలూరులోనో ఆకివీడులోనో కూర్చున్న రోగి గుండె పటము క్షణములో హైదరాబాదు చేరుట, లంకనుండి పడవపై ఒడ్డుకు వచ్చుటకు ఒక పూట పట్టిన తరమువారికి వింతగాక మరేమి?

ఇక 2020 డిసెంబరు. 5వ తేదీన ఏలూరు వన్ టౌన్ ప్రాంతమున ఉన్నట్టుండి జనులు కూలబడసాగిరి. మూర్ఛ, వాంతులు, నోట నురుగు, కొంతసేపు స్పృహ లేకుండుట. పిల్లలు, యువకులు, ముసలివారు అను భేదము లేదు. ప్రభుత్వాసుపత్రి మంచములు నిండిపోయినవి. కొద్దిదినములలో బాధితుల సంఖ్య 600 దాటినది. కరోనా భయము ఇంకను తొలగని దినములవి. ‘ఇది గాలిలో వచ్చినదా, నీటిలో వచ్చినదా, అంటురోగమా?’ అని ఊరంతయు తల్లడిల్లినది. చాలమంది కొలది గంటలలోనే తేరుకొని ఇండ్లకు పోయినను, ఒక మరణము సంభవించుటతో భయము హెచ్చినది.

మూర్ఛ వచ్చినవారికి వైద్యులు మొదట చేయవలసినది తలలో రక్తస్రావమో, గడ్డయో, వాపో యున్నదేమో చూచుట. సీటీ స్కానులు తీసిరి. మెదడు మామూలుగానే యున్నది. ఒకరికి మామూలుగా నున్నదన్న వార్త ఆ యొక్క కుటుంబమునకు ఊరట. వరుసగా అందరికి మామూలుగా నున్నదన్నచో అది ఊరికంతకు ఒక సమాచారము. జబ్బు మెదడు కట్టడములో లేదు, మెదడు పనిని తాత్కాలికముగా చెరచిన యేదో పదార్థములో నున్నదని ఆ తెల్లని పటములు వ్రేలుపెట్టి చూపినవి. అంటురోగముల పరీక్షలును ఏమియు చూపలేదు. ఒక ఇంట ఒకరికే వచ్చుట, పక్కవారికి సోకకుండుట జాబితాల వలన తెలిసినది. ఇల్లిల్లు తిరిగి ఏ నీరు త్రాగిరి, ఏమి తినిరి, ఏ వీధివారు అని వ్రాసికొనిరి. నీరు, పాలు, బియ్యము, కూరగాయలు, రక్తము – అన్నిటి నమూనాలు పరీక్షకు పోయినవి.

ఢిల్లీ ఎయిమ్స్‌వారు రక్తపు నమూనాలలో సీసము, నికెలు జాడలు కనుగొనిరి. హైదరాబాదు నుండి జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థవారు వచ్చి పరిశీలించిరి. పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమై యుండవచ్చునని డిసెంబరు 16న నిపుణులు ప్రభుత్వమునకు తెలిపిరి. అవి ఏ మార్గమున ఒంటిలో చేరినవో నాడు తేలలేదు. ఎక్స్‌రే గదిలో మొదట సీసము మనకు రక్షకుడు. పటముపై అంకె వేయునదియు సీసమే. అదే సీసము పేరు ఏలూరువారి రక్తపు లెక్కలో వినబడుట విధివైచిత్ర్యము.

ఈ ఘట్టమును మేము పదేపదే తలచుటకు కారణమున్నది. ఆ దినములలో ఏలూరునకు కావలసినది ఒక్క గొప్ప యంత్రము గాదు. వార్డులోని రోగి పేరు, అతని వీధి, అతని స్కాను, అతని రక్తము, అతడు త్రాగిన నీరు – ఈ ఐదు చీటీలు ఒకచోట చేరుట. అవి ఎంత శీఘ్రముగా చేరునో అంత శీఘ్రముగా ఊరి భయము తీరును. విడివిడిగా నున్నప్పుడు అవి కాగితములు. కలిసినప్పుడు అవి సాక్ష్యము.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మరల విభజింపబడినవి. ఏలూరు, కైకలూరు ఏలూరు జిల్లాలో నిలిచినవి; తాడేపల్లిగూడెము, ఆకివీడు భీమవరము ముఖ్యపట్టణముగాగల పశ్చిమ గోదావరిలో చేరినవి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చు కొల్లేరునకు ఈ హద్దులతో పనిలేదు. రోగమునకును లేదు. తాడేపల్లిగూడెము ఏరియా ఆసుపత్రిలో తీసిన పటము ఏలూరు బోధనాసుపత్రిలో తెరువబడవలెను. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. రోగి రైలుదిగి నడచి వచ్చులోపల అతని పటము అచ్చటికి చేరియుండుట నేడు సాధ్యమే. 2021 సెప్టెంబరులో దేశమంతట ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రకారము ఒక్కొక్కరికి 14 అంకెల ఆరోగ్యసంఖ్య లభించును. ఆనాటి సీసపు నాలుగంకెలకు ఇది ముని మనుమడు.

సాధ్యమైనదంతయు క్షేమమని కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు దాడిచేయగా, అంతటి ఆసుపత్రివారును కొన్నాళ్లు మరల కలము, కాగితము పట్టవలసివచ్చినది. కనుక కంప్యూటరు వచ్చినదని చేతివ్రాత మరువరాదు. దాచినదానికి మరొక ప్రతి వేరుచోట నుంచుట మరువరాదు. రోగి పటము రోగిది. అతని అనుమతి లేక పరులు చూచుట తగదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ ధర్మమునే చెప్పుచున్నది. రొమ్ముపటములలో క్షయ లక్షణములను కంప్యూటరు గుర్తించుటకు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతి తెలిపినది. మంచిదే. కాని ఐదుగురు నిపుణులను పరీక్షించినట్లే ఈ ఆరవ నిపుణునిగూడ పరీక్షింపవలెను. అది ఎన్నిమార్లు సరియని తేలినది, ఎన్నిమార్లు తప్పినది, అందులో మన లంకలవారి పటములెన్ని – ఈ పద్దు వ్రాయనిదే దాని మాట శాసనము కారాదు. కాడ్మన్ నేర్పిన పాఠ మిదియే.

ఇక గృహస్థులుగా మన చేతనైనది కొంచెము కలదు. పటము తీయించుకొన్నప్పుడు దానిపై పేరు, తేదీ, సంఖ్య, కుడి ఎడమల గుర్తు సరిగా నున్నవో లేవో అక్కడనే చూచుకొనవలెను. పటముతోపాటు నివేదికను అడిగి తీసికొనవలెను. మరొక వైద్యునివద్దకు పోవునప్పుడు పాతది వెంట తీసికొనిపోవలెను. అది యున్నచో మరల కిరణము తాకవలసిన పని ఒక్కొక్కప్పుడు తప్పును. గర్భవతియైన స్త్రీ ఆ సంగతి ముందుగనే చెప్పవలెను. ఊరును అడిగినచో లంక పేరుతో సహా చెప్పవలెను. గుమాస్తా రెండవమారు పేరు అడిగినచో విసుగుకొనరాదు. అతడు మనల రక్షించుచున్నాడు.

మా పెట్టెలోని పటమును మరల సంచిలో నుంచితిమి. పారవేయుటకు మనసొప్పలేదు. ఇంటిలో అందరి పటములును ఇప్పుడొక దస్త్రములో పెట్టి, ఒక్కొక్కదానికి ఎదురుగా పేరు, తేదీ, కారణము, వైద్యుడు చెప్పిన మాట ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నాము. ఆ పుస్తకమున మొదటి పుటలో తాతతరముదైన ఆ పటమునకును ఒక పంక్తి విడిచితిమి. పేరు వ్రాయవలసినచోట ఖాళీగానే యున్నది. మా పిల్లలు అట్టి ఖాళీని మరొకదానిని చూడకుందురు గాక.